కీచుమనే కారు బ్రేకులు: విశాఖలో ఏ సర్వీసు, ఏ ప్యాడ్లు, ఏ గ్రీజు?

బ్రేకు కీచుమంటోందని కారు చూపిస్తే చాలా గ్యారేజీల్లో మొదట వచ్చే మాట ఒకటే: "ప్యాడ్లు మార్చేద్దాం సార్." మారుస్తారు, కొన్నాళ్లు చప్పుడు ఉండదు. ఒక వాన పడగానో, బీచ్ రోడ్డులో బండి నాలుగు రోజులు కదలకుండా ఉండగానో మళ్లీ అదే కీచు. విశాఖలో ఈ చప్పుడుకి కారణం చాలాసార్లు ప్యాడ్లలో ఉండదు, ప్యాడ్లు కూర్చునే చోట ఉంటుంది. ఆ చోటు శుభ్రం చేయకుండా ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా డబ్బు దండగే. ఏ సర్వీసు పనికొస్తుంది, ఏ ప్యాడ్లు కొనాలి, ఏ గ్రీజు రాయాలి అన్న మూడు ప్రశ్నలకూ మా తీర్పు ఈ ఒక్క విషయం మీదే నిలబడుతుంది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉండే మామూలు హ్యాచ్‌బ్యాకులు, చిన్న ఎస్‌యూవీలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

ప్యాడ్, చక్రంతో పాటు తిరిగే డిస్కుని ఒక్క పట్టున పట్టుకోదు. పట్టి, జారి, మళ్లీ పట్టి, ఇలా సెకనుకు వేలసార్లు వణుకుతుంది. పలక మీద బలపం కీచుమనేది కూడా ఇలాగే. ఆ వణుకు ప్యాడ్ వెనక రేకుకి, అక్కణ్నుంచి ప్యాడ్లను డిస్కు మీదికి అదిమే క్యాలిపర్‌కి పాకి చెవికి వినపడే మోతగా మారుతుంది. దాన్ని మింగేయడానికే ప్యాడ్ వెనక షిమ్ అనే పలుచటి పొరల రేకు, ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టెయిన్‌లెస్ క్లిప్పులు, వాటి మధ్య పలుచగా గ్రీజు పెడతారు. ఉప్పు గాలి చెడగొట్టేది సరిగ్గా వీటినే. క్లిప్పు తుప్పు పట్టదు కానీ దాని కింద ఉన్న బ్రాకెట్ మామూలు పోత ఇనుము. అక్కడ తుప్పు పేరుకుంటే క్లిప్పుని పైకి నెడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ప్యాడ్ జారే గాడి ఇరుకైపోతుంది. బ్రేకు వదిలాక ప్యాడ్ వెనక్కి రాదు, డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది, వేడెక్కి నునుపు దేరుతుంది, అరవడం మొదలుపెడుతుంది. పెదవాల్తేరు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఆరుబయట నిలిపే కార్లకు ఈ బెడద ఎక్కువ. పోర్టు, మల్కాపురం, గాజువాక వైపు తిరిగే కార్లకు దీనికి తోడు బొగ్గు, ఖనిజ ధూళి వచ్చి గ్రీజుకి అంటుకుని గట్టిపడుతుంది.

గ్యారేజీకి వెళ్లే ముందు చప్పుడుని చదవండి

ఏ సర్వీసుకి డబ్బు కట్టాలో చప్పుడు వచ్చే సమయమే చెబుతుంది.

పొద్దున్నే మొదటి నాలుగైదు బ్రేకులకు మాత్రమే చప్పుడు వచ్చి ఆగిపోతే, రాత్రి తేమకి డిస్కు మీద పట్టిన పైపై తుప్పు అది. ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. పైసా ఖర్చు పెట్టకండి. వానాకాలంలో, కారు కడిగిన మర్నాడు ఇది మామూలే.

నెమ్మదిగా ఆగేటప్పుడు, అంటే వేగం గంటకు 5, 10 కిలోమీటర్లకు పడిపోయాక తేలిగ్గా నొక్కితే కీచుమని, గట్టిగా నొక్కితే ఆగిపోతే, అది వణుకు వల్ల వచ్చే చప్పుడు. ఎండిపోయిన క్లిప్పులు, లేని షిమ్, నునుపుదేరిన ప్యాడ్ ముఖం, వీటిలో ఏదో ఒకటి. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దీని గురించే.

బ్రేకు నొక్కకుండానే సన్నగా కూత వస్తూ, నొక్కితే మారినా ఆగినా, అరుగుదల సూచిక డిస్కుని తాకుతూ ఉండొచ్చు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది. ప్యాడ్ దాదాపు 2 నుంచి 3 మిల్లీమీటర్లకు అరిగాక అది డిస్కుని గీరి కూతపెట్టేలా తయారు చేస్తారు. ఇక్కడ మాత్రం "ప్యాడ్లు మార్చేద్దాం" అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. అదే కూత ఒక చక్రం దగ్గరే వచ్చి, ఆ చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంటే ప్యాడ్ ఇరుక్కుపోయిందని అర్థం.

చక్రం తిరిగే లయలో చిక్‌చిక్‌మని వస్తే డిస్కు వెనక ఉండే దుమ్ము రేకు వంగి తాకుతోందో, దానికీ డిస్కుకీ మధ్య గులకరాయి ఇరుక్కుందో చూడాలి. రాయి అయితే రేకుని కొద్దిగా వంచి, డిస్కుని చేత్తో తిప్పితే పడిపోతుంది. ఇది ఐదు నిమిషాల పని, దీనికి ప్యాడ్ల బిల్లు వేస్తే ఒప్పుకోవద్దు.

కరకరమని లోహం లోహాన్ని కొరుకుతున్నట్టు వస్తే బండి నడపకండి, ఆపేయండి. ప్యాడ్ మందు, అంటే డిస్కుని రాసే పదార్థం, మొత్తం అరిగి వెనక రేకు డిస్కుని కోస్తోంది.

చప్పుడు ఏ చక్రానిదో తేల్చడానికి తేలికైన పద్ధతి ఉంది. పొడవాటి కాంపౌండ్ గోడ పక్కన, జనం లేని చోట, అద్దాలు దించి నెమ్మదిగా నడుపుతూ బ్రేకు వేయండి. చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఆ వైపు చక్రాలది స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత అటువైపు నుంచి ఇటు రండి. ముందా వెనకా తేల్చుకోవాలంటే ఖాళీ చోట నడక వేగంలో, కాలి బ్రేకు వదిలేసి హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. అప్పుడు కీచుమంటే తప్పు వెనక డ్రమ్ములదే. ఇవి చూసుకుని వెళితే మేస్త్రీతో మాట్లాడే పద్ధతే మారిపోతుంది.

సర్వీసులు: కంపెనీ సెంటరు, ఆటోనగర్, ఇంటికొచ్చే మెకానిక్

కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్లలో బిల్లు మీద "బ్రేక్ క్లీనింగ్" అని ఒక పద్దు ఉంటుంది. పద్దు మంచిదే, దాని లోపల ఏం చేస్తారన్నదే ప్రశ్న. సరిగ్గా చేయాలంటే నాలుగు చక్రాలూ విప్పాలి, క్యాలిపర్ ఎత్తాలి, ప్యాడ్లు బయటికి తీయాలి, క్లిప్పులు ఊడదీయాలి, వాటి కింది తుప్పు గీకాలి, క్యాలిపర్ అటూఇటూ జారే స్లైడ్ పిన్నులు లాగి తుడిచి కొత్త గ్రీజు పెట్టాలి, వెనక డ్రమ్ములు తీసి ధూళి కడగాలి. చేయి తిరిగిన మనిషికైనా ఇది గంటన్నర నుంచి రెండు గంటల పని. ఇరవై నిమిషాల్లో కారు బయటికొస్తే గాలి కొట్టి, ఎమరీ పేపరుతో ప్యాడ్ ముఖం రుద్ది ఇచ్చేశారనే అనుకోవాలి. ఈ సెంటర్ల బలం బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచీ వాడటం, అసలు విడిభాగాలు దొరకడం, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లకు స్కానర్ ఉండటం. బలహీనత ఏమిటంటే పని చేసే మనిషితో మనం నేరుగా మాట్లాడలేం, సర్వీస్ అడ్వైజర్ మధ్యలో ఉంటాడు. అందుకే జాబ్ కార్డు మీద "క్లిప్పులు తీసి బ్రాకెట్ శుభ్రం చేయాలి, పిన్నులకు గ్రీజు, షిమ్‌లు పరీక్ష" అని తెలుగులోనైనా సరే రాయించండి. రాసినది చేయక తప్పదు.

గాజువాక ఆటోనగర్‌లో బ్రేకుల పనే ఎక్కువగా చేసే చిన్న షెడ్లలో అనుభవం గల మేస్త్రీలు దొరుకుతారు. పని కళ్లముందే జరుగుతుంది, డిస్కుని లేత్ (తిప్పుతూ కోసి చదును చేసే యంత్రం) మీద వేయించే వీలు దగ్గర్లోనే ఉంటుంది, కూలి తక్కువ. మా దృష్టిలో తుప్పు సమస్యకి ఇదే మేలైన చోటు. అయితే రెండు అలవాట్లను గమనించుకోవాలి. ఒకటి, స్లైడ్ పిన్నులకు బేరింగ్ గ్రీజు పూయడం. రెండోది, కొత్త ప్యాడ్లు బిగిసిపోతున్నాయని క్లిప్పులే తీసి పారేయడం, షిమ్ "అవసరం లేదు సార్" అని పక్కన పెట్టడం. "మేస్త్రీ గారూ, పాత క్లిప్పులు నాకివ్వండి, షిమ్ మళ్లీ పెట్టండి" అని ముందే అంటే గొడవ ఉండదు. ప్యాడ్ ముఖం మీద హాక్సా బ్లేడుతో గాట్లు పెట్టి చప్పుడు ఆపుతామంటే వద్దనండి. కొన్నాళ్లు ఆగుతుంది, మందు అంచులు పెళ్లలుగా ఊడే ప్రమాదం తెచ్చుకున్నట్టే.

ఇంటికొచ్చే మెకానిక్ సర్వీసులు ముందు చక్రాల ప్యాడ్లు మార్చడం వరకు సరిపోతాయి. నేల గట్టిగా, సమంగా ఉండాలి, జాకీ ఒక్కటే కాకుండా కింద స్టాండు పెట్టాలి. వాలుగా ఉండే సెల్లార్ ర్యాంపు మీద పని చేయనివ్వద్దు. వెనక కూడా డిస్కులుండి హ్యాండ్ బ్రేకు అదే క్యాలిపర్‌లో ఉన్న కార్లకు ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపే పరికరం కావాలి. అది లేకుండా సీ క్లాంపుతో అదిమితే లోపలి యంత్రాంగం పాడైపోతుంది. అదుందా అని ఫోన్లోనే అడగాలి.

ఏ సర్వీసైనా "కొత్త ప్యాడ్లు కదా, నాలుగు రోజులు అలాగే అంటాయి, సెట్టయిపోద్ది" అంటే సగం నమ్మండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో అప్పుడప్పుడు సన్నగా రావడం సహజం. ప్రతి బ్రేకుకీ అరవడం సహజం కాదు.

ప్యాడ్లు

విశాఖలో సులువుగా దొరికేవి మూడు దారుల్లో వస్తాయి: కారు కంపెనీ డబ్బాలో వచ్చే అసలు ప్యాడ్లు, బాష్, టీవీఎస్ గిర్లింగ్, రానే, బ్రెంబో లాంటి పేరున్న తయారీదారులవి, పేరూ ఊరూ లేని చవక సెట్లు. మూడోదాన్ని చప్పుడు కోసమే కాదు, ప్రాణాల కోసం కూడా వదిలేయండి. చిన్న కార్లకు ముందు ప్యాడ్ల సెట్టు మంచిది సుమారు వెయ్యి నుంచి రెండున్నర వేల రూపాయల మధ్య ఉంటుంది. ఇందులో మిగిల్చే నాలుగు వందలు ఎందుకూ పనికిరావు.

చప్పుడు లేకుండా ఉండటమే ముఖ్యమైతే మా మొదటి ఎంపిక కారు కంపెనీ అసలు ప్యాడ్లే. వాటి మందు గొప్పదని కాదు. ఆ క్యాలిపర్‌కి, ఆ డిస్కుకి ఏ వణుకు వస్తుందో పరీక్షించి షిమ్ మందం, అంచుల కోత నిర్ణయించి ఉంటారు. బయటి తయారీదారుల ప్యాడ్లు కొంటే డబ్బా తెరిచి మూడు చూడండి. షిమ్ అతికించి వచ్చిందా? మందు రెండు చివర్లూ ఏటవాలుగా కోసి ఉన్నాయా? కొత్త క్లిప్పులు ఇచ్చారా? మూడూ ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. షిమ్ లేకపోతే, పాత ప్యాడ్ షిమ్ రబ్బరు పొర ఊడకుండా ఉంటే మార్చి వేయొచ్చు. లేకపోతే ఆ సెట్టు వద్దు.

మందు రకం గురించి దుకాణంలో చాలా చెబుతారు. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు పీచు, ఇనుప పొడి ఉంటాయి. వేడిని బాగా తట్టుకుంటాయి, అరకు ఘాట్ దిగేవాళ్లకు నమ్మకం, కానీ చల్లగా ఉన్నప్పుడు చప్పుడు ఎక్కువ, డిస్కుని కాస్త ఎక్కువ అరగదీస్తాయి, ఉప్పు తేమలో ఆ ఇనుము కూడా తుప్పు పట్టి రాత్రికి డిస్కుకి అంటుకుంటుంది. సిరామిక్ అని అమ్మేవి నిశ్శబ్దంగా ఉంటాయి, చక్రాల మీద నల్ల దుమ్ము తక్కువ, ధర ఎక్కువ. వారమంతా మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా సిగ్నళ్ల మధ్య తిరిగే కారుకి సిరామిక్ లేదా లోహం దాదాపు లేని ఆర్గానిక్ రకం సరైనది. నెలకు రెండుసార్లు నిండా మనుషులతో అనంతగిరి ఘాట్ ఎక్కిదిగే కారుకి కాస్త చప్పుడు భరించైనా కారు కంపెనీ ఇచ్చిన రకాన్నే ఉంచుకోవాలి.

ప్యాడ్ అంచు మీద అచ్చువేసే కోడ్ చివర్లో రెండు అక్షరాలుంటాయి, ఎఫ్ఎఫ్, జీజీ లాంటివి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో పట్టు. ఈ (E) అక్షరం అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. పాత ప్యాడ్ మీద ఏముందో చూసి అదే తీసుకోండి. పట్టు పెరిగితే బ్రేకు బాగుంటుందనుకుని పై అక్షరానికి వెళ్లడం కీచుని కొని తెచ్చుకోవడమే. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందన్నమాట, ఘాట్ రోడ్లకు పనికిరాదు. యూరప్ ఆర్90 గుర్తు ఉన్నవి అసలు ప్యాడ్ల పనితీరుకి 15 శాతం అటూఇటూ లోపలే ఉండాలని నియమం. ఆ గుర్తు ఉంటే మంచి సూచన.

గ్రీజు, క్లీనరు

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చేవి ఇవే. అన్యాయంగా నిర్లక్ష్యం చేసేవీ ఇవే.

స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు, లేదా రబ్బరుకి హాని చేయదని రాసి ఉన్న సింథటిక్ బ్రేకు గ్రీజు మాత్రమే వాడాలి. పెట్రోలియంతో తయారైన బేరింగ్ గ్రీజు తగిలితే పిన్ను మీది రబ్బరు తొడుగు ఉబ్బిపోతుంది. ఉబ్బిన తొడుగు పిన్నుని పట్టేస్తుంది, క్యాలిపర్ జారదు, ఒకవైపు ప్యాడే అరుగుతుంది. పరిమాణం విషయంలో చేయి అదుపులో పెట్టుకోవాలి. ఒక్కో పిన్నుకి పలుచటి పొర చాలు, శనగ గింజంత తీసుకుంటే సరిపోతుంది. రంధ్రం నిండా కుక్కితే లోపల గాలి ఇరుక్కుని పిన్ను పూర్తిగా వెళ్లదు, స్ప్రింగులా వెనక్కి తంతుంది. కొన్ని కార్లలో రెండు పిన్నుల్లో ఒకదానికి చివర రబ్బరు బుష్ ఉంటుంది. పైది కిందకి, కిందది పైకి మార్చితే అదే కొత్త చప్పుడుకి మూలమవుతుంది. విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

ప్యాడ్ వెనక, చెవుల దగ్గర సిరామిక్ బ్రేకు గ్రీజు మేలు. అధిక వేడికి కరిగి కారదు, లోహం ఉండదు. కాపర్ గ్రీజు కూడా చాలామంది వాడతారు, వేడికి ఆగుతుంది. కానీ రాగి, ఉప్పు తేమ కలిసిన చోట ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, చక్రం వేగాన్ని చూసే ఏబీఎస్ సెన్సర్ దగ్గర లోహపు పొడి చేరడం కూడా మంచిది కాదు. సముద్రం పక్క ఊరికి మా ఓటు సిరామిక్‌కే. 5 నుంచి 10 గ్రాముల పొట్లం ముందు రెండు చక్రాలకీ వస్తుంది.

ప్యాడ్ వెనక పూసే ఎర్రటి గమ్ములాంటి చప్పుడు నిరోధక పూత షిమ్ లేని ప్యాడ్లకు తాత్కాలికంగా ఉపయోగం. షిమ్ ఉన్నవాటికి దాని అవసరం లేదు, రెండూ కలిపి వేస్తే షిమ్ పని చెడుతుంది.

బ్రేక్ క్లీనర్ స్ప్రే 500 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి నాలుగు చక్రాలకి సరిపోతుంది. దాని బదులు పెట్రోలు, కిరోసిన్ వాడటం పాత అలవాటు. అవి జిడ్డు మిగిల్చిపోతాయి, రబ్బరుని తింటాయి, నిప్పు భయం ఉండనే ఉంది. డబ్ల్యూడీ 40 లాంటి తుప్పు వదిలించే నూనె స్ప్రేలు చక్రం గుండా కొట్టి చప్పుడు ఆపే వీడియోలు చూసి ఎవరూ మోసపోవద్దు. చప్పుడుతో పాటు బ్రేకూ పోతుంది. నూనె పీల్చిన ప్యాడ్‌ని ఎంత కడిగినా నమ్మలేం, మార్చేయాలి. కార్ వాష్‌లలో టైరు నిగనిగలాడటానికి కొట్టే సిలికాన్ స్ప్రే డిస్కు మీద పడినా ఇదే తంతు. స్పాంజితో పూయమని చెప్పండి.

పని సరిగ్గా జరిగితే ఎలా ఉంటుంది

సొంతంగా చేసుకునేవాళ్లకైనా, పక్కన నిలబడి చేయించుకునేవాళ్లకైనా వరుస ఇదే. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, వెనక చక్రాలకు అడ్డుపెట్టి, జాకీ ఎత్తి స్టాండు మీద దించాలి. క్యాలిపర్ కింది బోల్టు విప్పితే చాలా కార్లలో అది పైకి తలుపులా లేస్తుంది. పూర్తిగా తీస్తే తీగతో సస్పెన్షన్‌కి వేలాడదీయాలి, హోస్ పైపు మీద బరువు పడకూడదు.

తీసిన ప్యాడ్లే జబ్బు చెబుతాయి. లోపలి ప్యాడ్ బయటిదానికంటే బాగా అరిగితే క్యాలిపర్ పిన్నులు పట్టేశాయి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ పై అంచు, కింది అంచు తేడాగా అరిగితే ఒక పిన్ను మాత్రమే కదులుతోంది. ముఖం అద్దంలా మెరిస్తే వేడికి నునుపుదేరింది. ఘాట్ దిగేటప్పుడు రెండో గేర్లో ఇంజను పట్టుతో దిగకుండా బ్రేకు మీద కాలు పెట్టే దిగినవాళ్లకు ఇది మామూలు. మందు 5 మిల్లీమీటర్లు పైన ఉంటే 80 నంబరు ఎమరీ పేపరు గచ్చు మీద పరిచి దానిపై ప్యాడ్‌ని ఎనిమిది ఆకారంలో రుద్ది మెరుపు పోగొట్టవచ్చు. ముక్కుకి మాస్కు పెట్టుకుని, తడిపి రుద్దాలి. 3 మిల్లీమీటర్లకు వస్తే రుద్దే ప్రశ్న లేదు, రెండు వైపులా మార్చాల్సిందే.

క్లిప్పులు ఊడదీసి బ్రాకెట్ గాడిని వైర్ బ్రష్‌తో, గట్టి తుప్పు ఉంటే చదునైన ఆకురాయితో, ఇనుము కనిపించేదాకా గీకాలి. తుప్పునే తీయాలి, లోహాన్ని కాదు. క్లిప్పులు తిరిగి పెట్టాక ప్యాడ్ వేలితో తోస్తే జారాలి. సుత్తి కావాల్సి వస్తే ఇంకా తుప్పు ఉన్నట్టే. కొత్త ప్యాడ్ చెవుల మీద రంగు మందంగా ఉన్నా ఇరుక్కుంటుంది, ఆ రంగు మాత్రం ఆకురాయితో తీయొచ్చు.

ముందు చక్రాల పిస్టన్‌ని సీ క్లాంపుతో నెమ్మదిగా వెనక్కి నొక్కాలి. నొక్కేముందు బ్రేకు ఆయిల్ డబ్బా మూత తెరిచి మట్టం చూడాలి, పొంగి రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది. పిస్టన్ మొండికేస్తే, దాని దుమ్ము తొడుగు చిరిగితే, గ్రీజుతో నెట్టుకురావద్దు, క్యాలిపర్ కిట్ (కొత్త రబ్బరు సీళ్ల సెట్టు) వేయించాలి. ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వద్ద మరుగుతుంది, తేమ చేరాక ఆ కనీస ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చడం పిస్టన్లకూ మంచిదే.

డిస్కు అంచున గట్టులా లేచి ఉంటే ప్యాడ్ దానికి కొట్టుకుని కూస్తుంది. కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది. లేత్ కోత తర్వాత కూడా దానికి పైన ఉంటుందంటేనే వేయించాలి, ఆ మందానికి చేరితే రెండు వైపుల డిస్కులూ కలిపి కొత్తవి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే బిగించాలి. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు గీకకుండా డిస్కు ఎక్కిస్తే అది ఊగుతుంది. మధ్యలో ఉన్న తుప్పు పెళ్ల అంచు దగ్గర ఇంకా పెద్ద తేడాగా కనిపిస్తుంది. ఊపు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదన్నది మంచి కొలత. ఆ ఊపుని కొలిచే డయల్ గేజి ఉన్న గ్యారేజీ దొరికితే వదలొద్దు.

వెనక డ్రమ్ముల దగ్గర గాలి పైపుతో ధూళి ఊదనివ్వకండి, పాత లైనర్లలో (డ్రమ్ముని లోపలినుంచి పట్టే భాగాలు) ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి కడగాలి. లైనర్లు ఆనే బ్యాక్ ప్లేటు మీద చిన్న చిన్న ఎత్తు చోట్లు ఉంటాయి. అవి ఎండిపోతేనే డ్రమ్ము కిర్రుమంటుంది. ఒక్కో చోట చుక్క సిరామిక్ గ్రీజు, లైనరు మీద పడకుండా. లైనర్లను తోసే వీల్ సిలిండరు తడిగా ఉంటే ఆయిల్ కారుతోంది, లైనర్లు కడిగి వాడొద్దు.

బిగించాక చక్రం నట్లు టార్క్ రెంచీతో, చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య, మీ మాన్యువల్ అంకె ప్రకారం. కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి మొదటి నొక్కుకి బ్రేకే ఉండదు. షెడ్డు గేటు దగ్గరే గుద్దిన కార్లు ఇలాంటివే.

ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లకు ఒక మాట. మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి డిస్కులు అంతగా రుద్దుకోవు, మన గాలికి తుప్పు పేరుకుని అరుస్తాయి. వారానికి ఒకసారి రీజెన్ (మోటారుతో వేగం తగ్గించే ఏర్పాటు) తగ్గించి పది పన్నెండు మామూలు బ్రేకులు వేయండి. పెట్రోలు, డీజిలు కార్లకు సముద్రం దగ్గర ఆరు నెలలకోసారి, ఊరి లోపల 10,000 కిలోమీటర్లకోసారి క్లిప్పులు, పిన్నుల శుభ్రత చాలు. వానలు తగ్గాక ఒకసారి తప్పదు.

కొత్త ప్యాడ్లు వేయించాక వాటిని డిస్కుకి అలవాటు చేసే పని గ్యారేజీ చేయదు, మీరే చేయాలి. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే జాతీయ రహదారి లాంటి ఖాళీ రోడ్డు మీద, తెల్లవారాక, వెనక వాహనం లేదని చూసుకుని, 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి మోస్తరుగా బ్రేకు వేసి తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు, ఆపితే వేడి ప్యాడ్ మందు డిస్కు మీద ఒకే చోట అచ్చుపడుతుంది. అరనిమిషం ఎడం ఇస్తూ ఎనిమిది నుంచి పదిసార్లు ఇలా చేసి, తర్వాత ఐదు పది నిమిషాలు వీలైనంతవరకు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. ఆ తర్వాత 300 కిలోమీటర్లు తిరిగాక కూడా తేలిక బ్రేకుకి కీచుమంటే, అదే గ్యారేజీకి బిల్లుతో వెళ్లి ప్యాడ్లు కాదు, ముందు బ్రాకెట్ చూపించమని అడగండి.